జనరల్ షీల్డ్స్ వంశవృక్షం: ఒక రిటైర్డ్ సర్వేయరు ప్రాజెక్టు డైరీ

జూన్ మొదట్లో

నేను రెవెన్యూ శాఖలో సర్వేయరుగా చేసి రిటైరయ్యాను. ప్రస్తుతం మిన్నెసోటాలో అమ్మాయి వాళ్లింట్లో ఉంటున్నాను. ఇక్కడికొచ్చిన తల్లిదండ్రులకి ఉండే జబ్బే నాకూ ఉంది, పగలంతా ఏమీ తోచదు. మనవరాలు స్కూల్లో మిన్నెసోటా చరిత్ర చదువుతోంది, సెయింట్ పాల్‌లోని క్యాపిటల్ భవనంలో విగ్రహాలున్న సేనానుల్లో ఒకరి గురించి రాసుకుంటూ "తాతయ్యా, ఈయన మూడు రాష్ట్రాలకి సెనేటరట, నిజమేనా?" అని అడిగింది. నిజమే. జేమ్స్ షీల్డ్స్, పుట్టింది ఐర్లండ్‌లో టిరోన్ కౌంటీ ఆల్ట్‌మోర్, ఇల్లినాయ్, మిన్నెసోటా, మిస్సోరీల తరఫున సెనేట్‌లో కూర్చున్నాడు. అలా మూడు రాష్ట్రాల నుంచి ఎన్నికైనవాడు అమెరికా చరిత్రలో ఇంకెవరూ లేరు.

పిల్ల ప్రాజెక్టు రెండు పేజీల్లో అయిపోయింది, నాది ఇప్పుడు మొదలైంది. ఆయన కుటుంబ చరిత్రని ఒకే పెద్ద చార్టు మీదకి ఎక్కించాలని నా ఆలోచన: పైన తల్లిదండ్రులు, మేనమామ వరస, పెదనాన్న వరస, కింద భార్యాపిల్లలు, పక్కన ఆయన ఉన్న ఊళ్లూ భూములూ. ప్రతి గడి పక్కనా ఆధారం ఎంత గట్టిదో ఒక రంగు పెడతాను. ఆ రోజే పుట్టి ముద్ర పడిన కాగితానికి ఆకుపచ్చ, ఆ కాలం నాటి పత్రికకో ఉత్తరానికో పసుపు, తర్వాతి వాళ్లు చెప్పుకున్న మాటకి ఎరుపు. ఆఫీసులో తగాదా ఫైళ్లు చూసే పద్ధతే ఇది. అల్లుడు నా కోసం గూగుల్ షీట్ ఒకటి తయారు చేసి ఇచ్చాడు, "మామయ్యా, ఇందులో రంగులు వాటంతటవే మారతాయి" అని, కానీ నాకు పెన్సిలే నమ్మకం.

జూన్ మధ్యలో: పుట్టుక

మొదటి గడిలోనే చిక్కొచ్చింది. పుట్టిన సంవత్సరం కొన్నిచోట్ల 1806, కొన్నిచోట్ల 1810. నాలుగేళ్ల తేడా పెద్ద విషయమా అనిపిస్తుంది గానీ, పెద్దదే, ఎందుకో పౌరసత్వం దగ్గర చెప్తాను.

తండ్రి చార్లెస్ షీల్డ్స్, తల్లి కేథరిన్ మెక్‌డొనెల్. వీళ్ల పైన ఏం రాయాలన్నా ఐర్లండ్ రికార్డుల్లోకి వెళ్లాలి, అక్కడే అసలు టెన్షన్. డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ దగ్గర ఉన్న పబ్లిక్ రికార్డు ఆఫీసు 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో పేలి కాలిపోయింది. 1821 నుంచి 1851 దాకా పదేళ్లకోసారి తీసిన జనాభా లెక్కలు దాదాపు అన్నీ అందులోనే పోయాయి. ప్రభుత్వం జనన మరణాలను అందరికీ నమోదు చేయడం 1864లో గానీ మొదలవలేదు. చర్చి రిజిస్టర్లు చూద్దామంటే, కాథలిక్కుల మీద ఆంక్షలున్న కాలం తాలూకు నీడ అప్పటికింకా పోలేదు, 1806 నాటికి పల్లెల్లో చాలా పారిష్‌లకి బాప్తిజం పుస్తకాలే లేవు. అందుకని పుట్టిన తేదీ ఎరుపు గడిలోనే ఉంటుంది, ఎవరు ఎంత ధైర్యంగా రాసినా సరే.

మిగిలిన దారి భూమి రికార్డులు, ఇక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది. ఐర్లండ్‌లో అన్నిటికంటే చిన్న భూవిభాగం టౌన్‌ల్యాండ్, అలాంటివి దేశంలో 60,000 పైనే. మన రెవెన్యూ గ్రామం కంటే చిన్నవి, కొన్నయితే మన సర్వే నంబరు కంటే పెద్దవి కావు. వంశాలు వెతికే వాళ్లందరూ ముందు వెళ్లేది గ్రిఫిత్ వాల్యుయేషన్‌కి, 1847 నుంచి 1864 దాకా కౌంటీల వారీగా ఎవరు ఏ భూమిలో ఉన్నారు, యజమాని ఎవరు, విలువెంత అని రాసిన పన్ను మదింపు. కానీ మన మనిషి 1826 ప్రాంతంలోనే దేశం వదిలేశాడు. దానికంటే ముందుది 1823 నుంచి 1837 మధ్య తయారైన టైథ్ పుస్తకాలు. కాథలిక్ రైతయినా సరే, ప్రొటెస్టెంట్ చర్చికి పన్ను కట్టాలి, ఆ పన్ను లెక్క కోసం సాగుదారు పేరు, విస్తీర్ణం, నేల రకం రాశారు. అంటే అడంగలే. టిరోన్ పుస్తకాలు బెల్‌ఫాస్ట్‌లోని రికార్డు ఆఫీసులో ఉంటాయి. ఇక్కడొక సంగతి చెప్పకుండా ఉండలేను: హైదరాబాద్ ప్రాంతంలో సర్వే చేస్తూ అడవి జ్వరంతో మంచం పట్టిన జార్జి ఎవరెస్ట్, కొత్త పద్ధతులు చూసి నేర్చుకోవడానికి 1829లో ఐర్లండ్ సర్వే దగ్గరికి వెళ్లాడు. అక్కడ వాడిన కొలత కడ్డీల లాంటివే ఇండియాకి తెచ్చాడు. మన గ్రామాల పటాలకీ ఆల్ట్‌మోర్ పటానికీ చుట్టరికం ఉందన్నమాట.

జూన్ చివర: ఇద్దరు జేమ్స్‌లు

పెదనాన్న వరసలో ఒక మెలిక ఉంది. ఆయన పేరూ జేమ్స్ షీల్డ్సే, ఆయనా ఐర్లండ్‌లో పుట్టి ముందే అమెరికా వెళ్లాడు, ఒహాయో నుంచి దిగువ సభకి ఎన్నికయ్యాడు, 1831లో చనిపోయాడు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఇద్దరూ కాంగ్రెస్ సభ్యులు. ఇంటర్నెట్‌లో తయారైన వంశవృక్షాలు కొన్ని ఇద్దరినీ కలిపేశాయి. ఎక్కడ చూసినా ముందు మరణించిన ఏడాది చూడండి, 1831 అయితే పెద్దాయన, 1879 అయితే మనాయన.

మొదట ఎక్కిన ఓడ స్కాట్లండ్ తీరాన పగిలి, బతికిన ముగ్గుర్లో షీల్డ్స్ ఒకడనే కథ ఉంది. బాగుంది, ఎరుపు. వచ్చాక ఇల్లినాయ్‌లో కస్కాస్కియాలో బడిపంతులుగా చేసి, లా చదివి, లాయరయ్యాడు, అది పసుపు.

జూలై: తుపాకీ కాదు, కత్తి

మనవరాలికి నచ్చిన భాగం ఇది. 1842లో షీల్డ్స్ ఇల్లినాయ్ రాష్ట్ర ఆడిటరు. ఆ ఏడాది ఫిబ్రవరిలో స్టేట్ బ్యాంకు కుప్పకూలింది, బ్యాంకు నోట్లకి విలువ లేకుండా పోయింది. పన్నులు ఆ నోట్లతో కడితే తీసుకోవద్దు, బంగారం వెండి నాణేలే తీసుకోండి అని వసూలు చేసేవాళ్లకి ఆడిటర్ దగ్గర్నుంచి ఆదేశం వెళ్లింది. జనం దగ్గర ఉన్నవేమో ఆ నోట్లే. రెవెన్యూ ఉద్యోగిగా నాకు ఆ సన్నివేశం కళ్ల ముందు కనపడుతుంది, నిర్ణయం పైవాళ్లది, తిట్లు సంతకం పెట్టినవాడికి. స్ప్రింగ్‌ఫీల్డ్ పత్రికలో రెబెకా అనే పల్లెటూరి ఆవిడ పేరుతో షీల్డ్స్‌ని ఎగతాళి చేస్తూ ఉత్తరాలు అచ్చయ్యాయి, వాటిలో ఒకటి అబ్రహాం లింకన్ రాసినది. షీల్డ్స్ ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. ఆయుధం ఎంచుకునే హక్కు లింకన్‌ది, పెద్ద అశ్వికదళపు కత్తులు కోరాడు, తన చేతులు పొడవు కాబట్టి. సెప్టెంబరు 22న ఆల్టన్ ఎదురుగా నదిలోని దీవికి ఇద్దరూ వెళ్లారు, అక్కడ మధ్యవర్తులు రాజీ చేశారు. ఎవరికీ గీత కూడా పడలేదు.

దీనికి కాగితాలు బోలెడన్ని ఉన్నాయి, ఆకుపచ్చా పసుపూ. కానీ ఆయన జీవితంలో ఇదే పెద్ద ఘట్టమన్నట్టు అందరూ రాస్తారు, నాకది నచ్చలేదు. ఆ తర్వాత 1861లో ఇదే లింకన్ అధ్యక్షుడిగా ఈయన్ని బ్రిగేడియర్ జనరల్ చేశాడు, అది నాకు ఎక్కువ ఆసక్తిగా ఉంది.

జూలై రెండో సగం: ఎఫింగ్‌హామ్ కాగితం

ఈ చార్టు మొత్తంలో నేను ఎక్కువ రోజులు కూర్చున్న గడి ఇదే.

మెక్సికో యుద్ధంలో షీల్డ్స్ స్వచ్ఛంద దళాల బ్రిగేడియర్ జనరల్. 1847 ఏప్రిల్ 18న సెర్రో గోర్డో దగ్గర ఛాతీలోంచి గుండు దూసుకుపోయింది, అయినా బతికాడు. సిల్కు రుమాలు గాయంలోంచి లాగి శుభ్రం చేశారని కథ, ఎరుపు. అదే ఏడాది సెప్టెంబరులో చపుల్టెపెక్ దగ్గర మళ్లీ చేతికి దెబ్బ. హీరోగా తిరిగొచ్చాడు, ఆ ఊపులోనే ఇల్లినాయ్ శాసనసభ ఆయన్ని సెనేట్‌కి ఎన్నుకుంది. 1849 మార్చిలో వెళ్లి కూర్చున్నాడు. సెనేటర్ కావాలంటే తొమ్మిదేళ్లు పౌరుడై ఉండాలని రాజ్యాంగం. ఆయన పౌరసత్వ కాగితం ఇల్లినాయ్‌లో ఎఫింగ్‌హామ్ కౌంటీ సర్క్యూట్ కోర్టుది, తేదీ 1840 అక్టోబరు 21. లెక్క చూసుకోండి, ఏడు నెలలు తక్కువ. మార్చి 15న సెనేట్ ఆ ఎన్నికని చెల్లదంది. తన చేతిలో ఓడిపోయిన సిడ్నీ బ్రీస్ ఈ విషయం బయటికి లాగాడని షీల్డ్స్‌కి కోపం, ఆయనకి బెదిరింపులాంటి ఉత్తరం కూడా రాశాడు, అది సెనేట్ దాకా వెళ్లి పరువు తీసింది. తొమ్మిదేళ్లు నిండాక ఇల్లినాయ్ మళ్లీ ఆయన్నే ఎన్నుకుంది, 1849 అక్టోబరు 27 నుంచి ఆయన పదవీకాలం మొదలై 1855 దాకా సాగింది.

ఐరిష్ వలసదారుల గురించి వెతికేవాళ్లకి ఇందులో పనికొచ్చే పాఠం ఉంది. 1906కి ముందు అమెరికాలో పౌరసత్వం ఏ రికార్డు కోర్టయినా ఇవ్వచ్చు, ఫెడరల్ అయినా, రాష్ట్రమైనా, కౌంటీ అయినా, ఒకచోట కాపీలు పోగు చేసే పద్ధతి లేదు. కస్కాస్కియా ఉన్నది రాండాల్ఫ్ కౌంటీలో, కాబట్టి అక్కడి కోర్టులో వెతుకుతాం, దొరకదు. షీల్డ్స్ లాయరు, సర్క్యూట్ కోర్టులతో పాటు కౌంటీలు తిరిగేవాడు, అలా తిరుగుతూ ఎక్కడో ఉన్న ఎఫింగ్‌హామ్‌లో పని ముగించుకున్నాడన్నమాట. మీ మనిషి ఇల్లు ఎక్కడుందో కాదు, పని మీద ఎక్కడెక్కడ తిరిగాడో చూడాలి.

ఇప్పుడు పుట్టిన సంవత్సరం దగ్గరికి వద్దాం. మామూలుగా ముందు పౌరుడు కావాలని ఉద్దేశాన్ని కోర్టులో ప్రకటించాలి, కొన్నేళ్లు ఆగి అసలు కాగితం తీసుకోవాలి. 1824 చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండకముందే వచ్చినవాళ్లకి ఆ ముందు ప్రకటన అక్కర్లేదు. 1826లో వచ్చిన మనిషి 1806లో పుడితే ఇరవై ఏళ్లవాడు, 1810లో పుడితే పదహారేళ్లవాడు. అందుకే 1806, 1810 రెండూ చార్టులో పక్కపక్కనే రాసి, కోర్టు కాగితంలో ఏ దారిన పౌరుడయ్యాడని ఉందో చూశాకే ఒకటి కొట్టేస్తాను. ఇదంతా భోజనాల దగ్గర చెప్తుంటే అల్లుడు తినడం ఆపి విన్నాడు, గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ల తరబడి నిలబడ్డ మనిషి కదా, ఆ ఏడు నెలల బాధ అతనికి అర్థమైనట్టు ఇంకెవరికీ అర్థం కాదు.

ఆగస్టు: షీల్డ్స్‌విల్

ఒక ఆదివారం అందరం కారులో వెళ్లాం. ఫారిబో ఊరు దాటి పడమటగా 21వ నంబరు హైవే మీద వెళితే వస్తుంది షీల్డ్స్‌విల్. చిన్న ఊరు, సెయింట్ పాట్రిక్ చర్చి, చుట్టూ చెరువులు, మొక్కజొన్న. సెనేట్ పదవి అయిపోయాక 1855లో షీల్డ్స్ ఈ వైపు వచ్చాడు, ఫారిబో ఊరు స్థాపించిన అలెగ్జాండర్ ఫారిబోతో కలిసి ఊళ్లు కట్టే పనిలో దిగాడు, తూర్పు నగరాల్లో కిక్కిరిసి బతుకుతున్న ఐరిష్ వాళ్లని ఇక్కడికి రమ్మన్నాడు. పక్కనున్న టౌన్‌షిప్‌ల పేర్లు ఎరిన్, కిల్కెన్నీ, ఇంక వేరే ఆధారం ఎందుకు. 1858లో మిన్నెసోటా రాష్ట్రమయ్యాక మొదటి ఇద్దరు సెనేటర్లలో ఈయనొకడు. ఎవరికి ఎక్కువ కాలమో చీట్లు తీస్తే ఈయనకి తక్కువ కాలం వచ్చింది, 1859 మార్చితో ఇంటికి.

ఇక భూమి. అమెరికా ప్రభుత్వం భూమిని ఆరు మైళ్ల చదరాలుగా కోసింది, ఒక్కో చదరం ఒక టౌన్‌షిప్, అందులో మైలుకో మైలు చొప్పున 36 సెక్షన్లు, సెక్షనుకి 640 ఎకరాలు, దాన్లో పావు 160 ఎకరాలు. సెక్షన్ల నంబర్లు ఈశాన్య మూల నుంచి పడమరకి ఆరు, మళ్లీ తూర్పుకి ఆరు, ఎడ్లు చాలు తిరిగినట్టు వెనక్కీ ముందుకీ సాగి ఆగ్నేయ మూల 36తో ఆగుతాయి. కొలిచింది గంటర్ గొలుసుతో, 66 అడుగులు, 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. నేను ఉద్యోగంలో చేరినప్పుడు పట్టుకున్న గొలుసూ అదే, మన పాత ఎఫ్.ఎం.బి. (పొలాల కొలతల పుస్తకం) పటాల్లో లింకుల్లో రాసిన కొలతలన్నీ దాని చలవే, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. అందుకని ఈ పటాలు చదవడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. భూమి పట్టాల నకళ్లు ఫెడరల్ ల్యాండ్ ఆఫీసు వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి, పేరు, రాష్ట్రం, కౌంటీ కొట్టి చూడొచ్చు. పట్టా ఎవరి వారంటు (సైన్యంలో చేసినందుకు భూమి ఇస్తామని ప్రభుత్వం రాసిచ్చిన పత్రం) మీద వచ్చిందో కూడా దాని మీద రాసి ఉంటుంది.

ఆ వారంటు సంగతి కొంచెం ఓపికగా చూడాలి. సైనికుడిగా చేసినందుకు ప్రభుత్వం ఇచ్చిన భూమిలో ఆయన ఊరు కట్టాడని అందరూ ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. 1847 చట్టం మెక్సికో యుద్ధంలో చేసిన సిపాయిలకి 160 ఎకరాలిచ్చింది, అధికారులకి ఇవ్వలేదు. అధికారుల్ని చేర్చింది 1850 చట్టం, 1855 చట్టం దాన్ని ఇంకా పెంచింది. పైగా వారంటు అమ్ముకోవచ్చు. చాలామంది సిపాయిలు రూపాయి చేతికి రాగానే అమ్మేశారు, పొలం దున్నినవాడు ఒకడు, యుద్ధం చేసినవాడు ఇంకొకడు. కాబట్టి షీల్డ్స్‌విల్‌లో ఒక పట్టా వారంటు మీద ఉంది అంటే ఆ రైతు సైనికుడని అర్థం కాదు. మీ ఇంట్లో ఎవరైనా ఐరిష్ పూర్వీకుడి వీరగాథ ఇలా పట్టా చూసి చెప్తుంటే వారంటు పేరూ పట్టా పేరూ ఒకటేనా అని అడగండి.

ఖాళీ నేల అన్నట్టు మాట్లాడతారు, అది నాకు కొరుకుడు పడలేదు. ఈ నేల వాపెకూటె డకోటా జనానిది. 1851 ఆగస్టులో మెన్డోటా ఒప్పందంతో వాళ్ల దగ్గర్నుంచి తీసుకున్నారు, నాలుగేళ్లకే ఐరిష్ వాళ్లు బళ్లు కట్టుకుని దిగారు. 1862లో డకోటా వాళ్లకీ అమెరికాకీ జరిగిన యుద్ధం తర్వాత డకోటా వాళ్లని రాష్ట్రం నుంచే వెళ్లగొట్టారు, అలెగ్జాండర్ ఫారిబో కొందరిని తన భూమిలో ఉండనిచ్చాడు, ఆయన తల్లి వైపు డకోటా రక్తం ఉంది. ఐర్లండ్‌లో భూస్వామి గెంటేస్తే వచ్చినవాళ్లు ఇక్కడ ఇంకొకళ్లని గెంటిన నేల మీద హద్దు రాళ్లు పాతుకున్నారు. నా చార్టులో భూమి గడికి పైన 1851 ఒప్పందం గడి ఉంటుంది, అది లేకుండా హక్కు గొలుసు మొదలే కాదు. ఏ సర్వేయరైనా టైటిల్‌ని మొదటి నుంచే రాస్తాడు.

1857లో రాష్ట్రం అయ్యే ముందు తీసిన మిన్నెసోటా జనాభా లెక్క ఈ ఊరివాళ్లకి మంచి ఆధారం, ఎక్కడ పుట్టారో కూడా రాశారు. అయితే "ఐర్లండ్" అని మాత్రమే ఉంటుంది, కౌంటీ ఉండదు. కౌంటీ కావాలంటే సమాధి రాళ్లు, చర్చి పెళ్లి పుస్తకాలు చూడాలి. ఇంకో తమాషా, ఆ లెక్కలో కొన్ని కౌంటీల్లో మనుషుల్నే కల్పించి రాశారు. బోగస్ రేషన్ కార్డులు మనమే కనిపెట్టామనుకున్నాను.

సెప్టెంబరు: అంతర్యుద్ధం, పెళ్లి, మిస్సోరీ

ఈ భాగం త్వరగా చెప్తాను. మిన్నెసోటా పదవి పోయాక కాలిఫోర్నియా వెళ్లాడు. 1861లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మేరీ ఆన్ కార్‌ని పెళ్లి చేసుకున్నాడు, ఆవిడదీ ఐర్లండే, ఆర్మా కౌంటీ. అప్పటికి ఆయనకి యాభై దాటిందో దగ్గరో, మళ్లీ ఆ 1806, 1810 గొడవే. మెక్సికోలో గనుల పని చూస్తుండగా అంతర్యుద్ధం వచ్చింది.

దక్షిణాది సేనాని స్టోన్‌వాల్ జాక్సన్‌ని ఓడించిన ఏకైక జనరల్ షీల్డ్స్ అని విగ్రహాల దగ్గర గొప్పగా చెప్తారు. కెర్న్స్‌టౌన్, 1862 మార్చి 23. కానీ ముందు రోజే ఫిరంగి గుండు ముక్క తగిలి ఆయన చెయ్యి విరిగింది, యుద్ధం నాడు మంచం మీద ఉన్నాడు. పొలంలో సైన్యాన్ని నడిపింది కర్నల్ నేథన్ కింబాల్. జూన్ 9న పోర్ట్ రిపబ్లిక్ దగ్గర ఆయన డివిజన్‌ని అదే జాక్సన్ చితగ్గొట్టాడు, ఆ సంగతి విగ్రహం దగ్గర ఎవరూ ఎత్తరు. 1863 మార్చిలో రాజీనామా. ఆకుపచ్చ రంగుతోనే రాశాను, కింబాల్ పేరు కూడా వేశాను.

1866లో మిస్సోరీలో కారల్టన్ దగ్గర పొలం కొన్నాడు, అక్కడే స్థిరపడ్డాడు, ఇన్నేళ్ల తిరుగుడు తర్వాత. 1879లో మిస్సోరీ తరఫున ఖాళీ అయిన సెనేట్ స్థానంలో కొన్ని వారాలు కూర్చున్నాడు. అదే ఏడాది జూన్ 1న ఐయోవాలోని ఒటమ్వాలో, ఉపన్యాసాలకని వెళ్లి అక్కడే చనిపోయాడు. కారల్టన్ సెయింట్ మేరీ శ్మశానంలో పాతిపెట్టారు, ప్రభుత్వం స్మారకం పెట్టింది 1910లో గానీ కాదు. అంతకంటే ముందే, 1893లోనే ఇల్లినాయ్ వాషింగ్టన్‌కి ఆయన విగ్రహం పంపింది. అప్పటికి సమాధికి రాయి లేదు, వాషింగ్టన్ క్యాపిటల్‌లో విగ్రహం ఉంది.

ఇప్పుడు ఎక్కడున్నాం

చార్టు పెద్ద షీటు మీద పెన్సిల్ గీతల దాకా వచ్చింది. ఆకుపచ్చ ఎక్కువగా సెనేట్, సైన్యం, కోర్టు గడుల్లో ఉంది, ఎరుపంతా ఐర్లండ్ వైపే. ఎఫింగ్‌హామ్ కోర్టు పూర్తి ప్రొసీడింగ్స్ సెనేట్ పాత ఎన్నికల కేసుల ప్రచురణలో అచ్చయి ఉంటాయి, లైబ్రరీలో తెప్పించమని అమ్మాయికి చెప్పాను. టైథ్ పుస్తకంలో ఆల్ట్‌మోర్ టౌన్‌ల్యాండ్ పేజీ బెల్‌ఫాస్ట్ నుంచి రావాలి. షీల్డ్స్‌విల్ టౌన్‌షిప్‌లోని 36 సెక్షన్లకీ పట్టాలు ఒక్కొక్కటిగా చూసి వారంటు పేరు, రైతు పేరు విడివిడి వరసల్లో వేస్తున్నాను, ఇది నాకు నచ్చిన పని కాబట్టి నిదానంగా సాగుతోంది.

మనవరాలితో ఒక తగాదా నడుస్తోంది. చార్టు మధ్యలో లింకన్‌తో కత్తుల దీవి బొమ్మ వేయాలని తను, ఎఫింగ్‌హామ్ కాగితం ఉండాలని నేను. కత్తుల్ని కింది మూలకి పంపడానికి ఒప్పుకుంది, కానీ రంగు మాత్రం తనే వేస్తుందట, అదీ ఆకుపచ్చ కాదట.